ముందు కాగితాలు, చివర టికెట్లు

కుటుంబాన్ని రప్పించుకోవడం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు కొత్త పని కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు 1904 నాటికి ఇక్కడ సిద్ధమైంది. ఆ కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు రైలెక్కి వచ్చారు. ముందు మగవాళ్లు వచ్చి, క్వార్టరు చేతికొచ్చాక భార్యాపిల్లల్ని తెచ్చుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత ఇదే ఊళ్లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఇంగ్లండుకీ ఆస్ట్రేలియాకీ తరలిపోయాయి. 1962లో కామన్‌వెల్త్ ఇమిగ్రెంట్స్ చట్టం వచ్చేదాకా ఈ దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్రిటన్ వెళ్లి స్థిరపడటానికి వీసా గొడవ ఉండేది కాదు.

ఇప్పుడు ఈ ఊరి మథురాకాటీలోనో మలంచాలోనో ఉండే అమ్మాయికి లండన్ సంబంధం కుదిరితే, పెళ్లికీ కాపురానికీ మధ్య ఏడాది దాకా గడిచిపోవచ్చు. బ్రిటన్ స్పౌజ్ వీసా నిబంధనలు కఠినమైనవే. వాటిని మనం మార్చలేం. మన చేతిలో ఉన్నది వరస ఒక్కటే: ఏ పని ముందు, ఏది తర్వాత, ఏ కాగితానికి ఎన్నాళ్ల ఆయుష్షు. ఆ వరస తప్పితే అన్నీ ఉన్నా ఫైలు వెనక్కొస్తుంది. అందుకే ఈ వివరణ.

అసలు అది ఏ వీసా?

"అబ్బాయి లండన్‌లో ఉన్నాడు" అన్న మాట ఒక్కటే చాలదు. అక్కడ ఏ హోదాలో ఉన్నాడన్నది పెళ్లిచూపుల నాడే అడగాలి. అబ్బాయి బ్రిటిష్ పౌరుడైనా, అక్కడ శాశ్వత నివాస అనుమతి ఉన్నా, భార్యకు సెటిల్‌మెంట్ దారి తెరుచుకుంటుంది. దీన్నే అందరూ స్పౌజ్ వీసా అంటారు. మొదట 33 నెలలకు ఇస్తారు. తర్వాత మరో 30 నెలలు పొడిగిస్తారు. మొత్తం 5 ఏళ్లు నిండాక శాశ్వత నివాసానికి అర్జీ పెట్టుకోవచ్చు.

అబ్బాయి ఉద్యోగ వీసా మీద ఉంటే భార్యకు వచ్చేది డిపెండెంట్ వీసా. దాని నియమాలు, ఫీజులు, కాగితాలు అన్నీ వేరు. పైగా ఆ దారి ఈ మధ్య బాగా ఇరుకైంది. కేర్ వర్కర్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు భార్యాపిల్లల్ని తీసుకెళ్లే వీలు 2024 మార్చి 11 నుంచి లేదు. 2024 జనవరి నుంచి మొదలైన చదువులకు సంబంధించి, పరిశోధన కోర్సుల వాళ్లు తప్ప మామూలు మాస్టర్స్ విద్యార్థులు భార్యను వెంట తీసుకెళ్లలేరు. "ఎం.ఎస్. చదువుతున్నాడు, పెళ్లయ్యాక అమ్మాయినీ తీసుకెళ్తాడు" అన్న మాటను నమ్మి ముహూర్తం పెట్టుకునే ముందు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

ముందు విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడే స్పౌజ్ వీసాకు మారిపోవచ్చని ఇంకో సలహా వినిపిస్తుంది. నిబంధనలు అందుకు ఒప్పుకోవు. విజిటర్‌గా వెళ్లిన మనిషి తిరిగొచ్చి ఇక్కడి నుంచే దరఖాస్తు చేయాలి.

పెళ్లి సర్టిఫికెట్టు

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో పెళ్లి చాలాసార్లు సొంతూళ్లో జరుగుతుంది. అమ్మాయి చిరునామా పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, పెళ్లి శ్రీకాకుళం జిల్లాలో, అబ్బాయి ఉద్యోగం లెస్టర్‌లో. సర్టిఫికెట్టు ఎక్కడ తీసుకోవాలి? పెళ్లి జరిగిన ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుందో అక్కడ, అబ్బాయి తిరిగి విమానం ఎక్కకముందే నమోదు చేయించుకోవడం తేలిక. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు అప్పుడు చేతిలోనే ఉంటాయి, సాక్షులు అందరూ ఒకే ఊళ్లో ఉంటారు. పదిరోజులు ఆలస్యమైతే అబ్బాయి సంతకం కోసం ఇంకో ప్రయాణం ఖర్చు తగులుతుంది.

హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని అదే చట్టంలోని 8వ సెక్షన్ కింద నమోదు చేస్తారు. మతాంతర వివాహమైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వర్తిస్తుంది. అందులో 30 రోజుల నోటీసు తప్పదు. మూడు వారాల సెలవు మీద వచ్చిన అబ్బాయికి అది సరిపోదు కాబట్టి ముందే లెక్క చూసుకోవాలి. అబ్బాయి విదేశీ పౌరసత్వం తీసుకున్నవాడైతే ఏ చట్టం కింద నమోదు చేస్తారో, ఏ కాగితాలు అడుగుతారో రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే మాట్లాడుకోవాలి. ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్లయితే విడాకుల డిక్రీ గానీ మొదటి జీవిత భాగస్వామి మరణ ధ్రువపత్రం గానీ ఫైల్లో ఉండాలి.

వీసా త్వరగా కావాలని, అసలు పెళ్లికి ముందే ఏదో సంస్థ ఇచ్చిన పత్రంతో రిజిస్ట్రేషన్ చేయించుకుని, ముహూర్తం తర్వాత ఎప్పుడో పెట్టుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. 2024 ఏప్రిల్‌లో ఇద్దరు పైలట్ల కేసులో సుప్రీంకోర్టు దీని మీద సూటిగా తీర్పు చెప్పింది. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం దృష్టిలో, ఆచారం ప్రకారం పెళ్లి తంతు జరగకపోతే సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రాన అది హిందూ వివాహం కాదు. వీసాల కోసం ఇలా ముందస్తు రిజిస్ట్రేషన్లు చేయించుకునే ధోరణిని కూడా కోర్టు ప్రస్తావించింది. ఆ జంట చేతిలో ఉన్న సర్టిఫికెట్టు చెల్లలేదు.

ఒకే మనిషి, మూడు పేర్లు

ఖరగ్‌పూర్ ఫైళ్లలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరుది. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. బెంగాల్ బడిలో పేరు చివర "పదవి", అంటే ఇంటిపేరు ఉండాలంటారు, కాబట్టి "రావు" అని తగిలిస్తారు. మార్కుల జాబితాలో "బి. లక్ష్మీ రావు", ఆధార్‌లో "లక్ష్మి బొడ్డేపల్లి", శ్రీకాకుళంలో ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్టులో "బొడ్డేపల్లి వెంకటలక్ష్మి" అని ఉన్నాయనుకోండి. ఇంట్లో అందరికీ ఆమె ఒక్కరే. ఆ మూడు కాగితాలూ చూసే బ్రిటన్ అధికారికి మాత్రం ముగ్గురు ఆడవాళ్లు కనిపిస్తారు.

మందు ఒక్కటే. పాస్‌పోర్టులో ఉన్న పేరును గీటురాయిగా పెట్టుకుని మిగతావి దానికి తగ్గట్టు సరిచేయించాలి. సరిచేయడం కుదరని పాత మార్కుల జాబితాలుంటే, ఆ పేర్లన్నీ ఒకే మనిషివని మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ చేయించి ఫైల్లో పెట్టాలి. దరఖాస్తులో "ఇంకేమైనా పేర్లున్నాయా?" అని అడిగే చోట అవన్నీ రాసేయాలి. దాచిన పేరే అనుమానం పుట్టిస్తుంది.

బెంగాలీలో గానీ తెలుగులో గానీ ఉన్న పత్రం ఏదైనా ఇంగ్లీషు అనువాదంతోనే చెల్లుతుంది. అనువాదం సరైనదేనన్న మాట, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు కిందే ఉండాలి. బెంగాలీ పత్రంలో వెంకటలక్ష్మి "భెంకటలక్ష్మి"గా కనిపిస్తుంది. అనువాదకుడు అక్షరానికి అక్షరం దించేస్తే ఇంకో కొత్త పేరు పుట్టుకొస్తుంది. పాస్‌పోర్టు స్పెల్లింగు ముందు పెట్టి పని చేయించుకోండి.

చిరునామాది ఇంకో తిప్పలు. నాన్న రిటైరై రైల్వే క్వార్టరు ఖాళీ చేసినా ఆధార్‌లో ఆ క్వార్టరు నంబరే మిగిలిపోతుంది. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు డి.ఐ.బి. (జిల్లా పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం) నుంచి వచ్చిన మనిషి ఆ తలుపు తడితే ఎవరో కొత్తవాళ్లు తీస్తారు. పెళ్లి మాటలు మొదలైనప్పుడే చిరునామా మార్పించుకుంటే ఆ బాధ తప్పుతుంది.

జీతం లెక్క

స్పౌజ్ వీసాలో ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. 2012 జులైలో బ్రిటన్ కొత్త నిబంధనలు తెచ్చి, భార్యనో భర్తనో పిలిపించుకోవాలంటే ఏడాదికి కనీసం 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలంది. దీని మీద అక్కడి సుప్రీంకోర్టు దాకా కేసులు నడిచాయి. కనీస ఆదాయ నిబంధన చట్టవిరుద్ధం కాదని, అయితే పిల్లల క్షేమాన్ని ప్రభుత్వం సరిగా లెక్కలోకి తీసుకోలేదని 2017 ఫిబ్రవరిలో ఆ కోర్టు తీర్పు చెప్పింది. 2024 ఏప్రిల్ 11 నుంచి ఆ మొత్తం 29,000 పౌండ్లు అయింది. దాన్ని 38,700 దాకా పెంచాలన్న ప్రతిపాదన తర్వాత ఆగింది.

అమ్మాయి ఇక్కడ ఉన్నప్పుడు దరఖాస్తు చేస్తే లెక్కలోకి వచ్చేది అక్కడున్న అబ్బాయి సంపాదనే. ఆమెకు ఖరగ్‌పూర్‌లోనో కలకత్తాలోనో మంచి ఉద్యోగం ఉన్నా ఆ జీతం కలపరు. ఇక్కడున్న ఇల్లు, పొలం, బంగారం విలువ చూపించి ఆదాయం ఉందనడం కుదరదు. మేనమామ భరోసా ఉత్తరం ఇచ్చినా లాభం లేదు.

ఒకే యజమాని దగ్గర 6 నెలలు దాటి పని చేస్తున్న అబ్బాయి అయితే ఆ 6 నెలల పే స్లిప్పులు, ఆ జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, కంపెనీ ఉత్తరం పెడితే సరిపోతుంది. పే స్లిప్పులో ఉన్న సొమ్ము, బ్యాంకులో పడిన సొమ్ము పైసాతో సహా కలవాలి. ఉద్యోగం మారి 6 నెలలు కాకపోతే వెనక్కి 12 నెలల లెక్క చూపించాల్సి వస్తుంది. కాబట్టి దరఖాస్తుకు ముందు కంపెనీ మారే ఆలోచన ఉంటే అబ్బాయి కాస్త ఆగడం మేలు.

జీతం చాలకపోతే పొదుపు సొమ్ముతో పూడ్చుకోవచ్చు. ఆ లెక్క ఇలా ఉంటుంది. తగ్గిన మొత్తాన్ని రెండున్నరతో హెచ్చవేసి, దానికి 16,000 కలపాలి. అబ్బాయి జీతం 27,000 పౌండ్లు అనుకోండి. 2,000 తగ్గింది. రెండున్నరతో హెచ్చిస్తే 5,000. దానికి 16,000 కలిపితే 21,000 పౌండ్లు. పౌండు 115 రూపాయల లెక్కన సుమారు 24 లక్షలు. అసలు జీతమే లేకుండా పొదుపు మీదే వెళ్లాలంటే 88,500 పౌండ్లు కావాలి. అంటే కోటి దాటుతుంది.

ఈ పొదుపు అమ్మాయి పేరునో, అబ్బాయి పేరునో, ఇద్దరి పేరునో 6 నెలలపాటు కదలకుండా ఉండాలి. రిటైరైన నాన్న తన పి.ఎఫ్. డబ్బు కూతురికి కానుకగా ఇవ్వవచ్చు. అప్పుగా మాత్రం ఇవ్వకూడదు. ఖాతాలో వేసిన రోజు నుంచి 6 నెలలు నిండాకే దరఖాస్తు చేయాలి. పెళ్లి ఖర్చుల హడావిడిలో ఒక్క వారం ఆ మొత్తం తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కాగితానికో ఆయుష్షు

రైల్వే ఊరివాళ్లకు లింకు ట్రైను సంగతి చెప్పక్కర్లేదు. మొదటి బండి ముందుగా చేరిందని రెండోది ముందుగా బయలుదేరదు, ఆలస్యమైతే మాత్రం తప్పిపోతుంది. వీసా కాగితాలూ అంతే.

ఇంగ్లీషు పరీక్ష సర్టిఫికెట్టు 2 ఏళ్లు చెల్లుతుంది. దీన్ని తొందరగానే రాసేయవచ్చు. మొదటి వీసాకు కావాల్సింది ఎ1 స్థాయి, అంటే మాట్లాడటం, విని అర్థం చేసుకోవడం. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లైఫ్ స్కిల్స్ అన్న పరీక్ష దీనికోసమే ఉంది. మామూలు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. సర్టిఫికెట్టు ఇంట్లో ఉందని సరిపెట్టుకోకుండా, అది బ్రిటన్ వీసాల కోసం గుర్తించిన రకమేనా అని చూడాలి. అమ్మాయి డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివి ఉంటే పరీక్షే అక్కర్లేదు. అయితే విద్యాసాగర్ యూనివర్సిటీ డిగ్రీ అయినా ఐ.ఐ.టి. పట్టా అయినా, అది బ్రిటన్ డిగ్రీకి సమానమనీ ఇంగ్లీషులోనే బోధించారనీ ఎక్టిస్ అనే సంస్థ నుంచి ధ్రువీకరణ తెచ్చుకోవాలి.

టి.బి. పరీక్ష సర్టిఫికెట్టు ఆయుష్షు 6 నెలలే. బ్రిటన్ ఆమోదించిన క్లినిక్‌లోనే చేయించాలి. మన రైల్వే ఆసుపత్రి ఎక్స్‌రే పనికిరాదు. ఎక్స్‌రేలో ఏమైనా అనుమానం వస్తే కఫం పరీక్ష అడుగుతారు. దాని ఫలితానికి రెండు నెలల దాకా పడుతుంది. అమ్మాయి గర్భిణి అయితే ముందే చెప్పాలి. కడుపు మీద రక్షణ కవచం వేసి ఎక్స్‌రే తీయడమో, కఫం పరీక్ష చేయడమో క్లినిక్ చూసుకుంటుంది.

అబ్బాయి ఆదాయం కాగితాల్లో చివరి తేదీ, దరఖాస్తు పెట్టే రోజుకు 28 రోజుల లోపుదై ఉండాలి. అంటే అవి అన్నిటికన్నా చివర తీసుకోవాల్సినవి. ముందుగా తెచ్చుకుంటే టి.బి. సర్టిఫికెట్టు కోసం ఎదురుచూస్తూ అవి పాతబడిపోతాయి.

వీటితోపాటు కాపురం నిజమైనదన్న రుజువులు కావాలి. పెళ్లి ఫొటోలు, అబ్బాయి వచ్చి వెళ్లిన పాస్‌పోర్టు ముద్రలు, కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, కాల్ రికార్డులు, డబ్బు పంపిన రసీదులు. ఆల్బం మొత్తం గుమ్మరిస్తే చూసే అధికారికి విసుగు. తేదీల వరసలో, ఇద్దరి కుటుంబాలూ కనిపించేలా కొన్ని ఏరి పెట్టండి. అబ్బాయి ఉంటున్న ఇంటి అద్దె ఒప్పందం, ఎన్ని గదులు, ఎవరెవరు ఉంటున్నారన్న వివరం కూడా జతచేయాలి. గదులకు మించి మనుషులు కిక్కిరిసిన ఇంటిని వాళ్లు ఒప్పుకోరు.

ఫీజులు

2025 ఏప్రిల్‌లో దరఖాస్తు ఫీజు 1,938 పౌండ్లకు చేరింది. దీనికి తోడు ఎన్.హెచ్.ఎస్. వైద్యానికి ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జి. 33 నెలల వీసాకు మూడేళ్ల లెక్క కట్టి 3,105 పౌండ్లు తీసుకుంటారు. రెండూ కలిపితే 5,043 పౌండ్లు. పైన చెప్పిన రేటు ప్రకారం దాదాపు 5 లక్షల 80 వేల రూపాయలు. ఈ ఫీజులు తరచూ ఏప్రిల్‌లోనే మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. వీసా రాకపోతే సర్‌ఛార్జి వెనక్కి వస్తుంది, ఫీజు రాదు.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి ఫీజు కట్టాక, వేలిముద్రల కోసం కలకత్తాలోని వి.ఎఫ్.ఎస్. కేంద్రానికి వెళ్లాలి. ఖరగ్‌పూర్ నుంచి హౌరా లోకల్‌లో పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు గానీ, అపాయింట్‌మెంట్ మధ్యాహ్నం తీసుకోవడం క్షేమం. ఆ కేంద్రంలో కూర్చున్నవాళ్లు నిర్ణయం తీసుకోరు. వాళ్లకు కథ చెప్పినా ప్రయోజనం లేదు. ఫైలు చూసే అధికారి బ్రిటన్ ప్రభుత్వం మనిషి. ఆయన మనల్ని చూడకుండానే తేలుస్తాడు. మామూలుగా 12 వారాలు పడుతుందని అక్కడి ప్రభుత్వం చెబుతుంది.

అమెరికా సంబంధమైతే

అబ్బాయి అమెరికా పౌరుడైతే భార్య క్యూలో నిలబడక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాడైతే ఎఫ్2ఎ వరసలో వీసా బులెటిన్ తేదీ కోసం ఆగాలి. హెచ్-1బి ఉద్యోగి భార్యకు హెచ్-4 వస్తుంది. అది వలస వీసా కాదు. వలస వీసా ఇంటర్వ్యూలు మన దేశంలో ముంబయి కాన్సులేట్‌లో జరుగుతాయి. ఖరగ్‌పూర్ వాళ్లకు గీతాంజలి ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ ఒక రోజు మించిన ప్రయాణం. అక్కడి మెడికల్ పరీక్ష కూడా కలుపుకుని రోజులు లెక్కేసుకోవాలి. అబ్బాయి ఆదాయం చాలకపోతే జాయింట్ స్పాన్సర్‌గా ఇంకొకరు పూచీ ఇవ్వవచ్చు. బ్రిటన్‌లో లేని వెసులుబాటు ఇది. పెళ్లయి రెండేళ్లు నిండకుండా అడుగుపెడితే మొదట షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్ కార్డే ఇస్తారు.

కాదంటే

బ్రిటన్ స్పౌజ్ వీసా నిరాకరించినప్పుడు అప్పీలు హక్కు ఉంటుంది. ఇక్కడున్నవాళ్లకు 28 రోజుల గడువు. అయితే ఒక కాగితం తగ్గడం వల్ల పోయిన ఫైలుకు ఆ కాగితంతో మళ్లీ దరఖాస్తు పెట్టడమే కొన్నిసార్లు త్వరగా తేలే దారి. నిరాకరణ ఉత్తరంలో ఏ పేరా కింద ఏ లోపం చూపించారో చదివాకే ఏది మేలో నిర్ణయించుకోవాలి.

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారు మన పెద్దలు. వీసా ఫారంలో మాత్రం ఫైలు పోవడానికి ఒక్క అబద్ధం చాలు. దొంగ కాగితం పెట్టారనో కావాలని దాచారనో తేలితే 10 ఏళ్ల దాకా దరఖాస్తులు తిరస్కరించే అధికారం వాళ్లకుంది. "గ్యారంటీగా ఇప్పిస్తా" అనే ఏజెంటుకు డబ్బు కట్టకండి. బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ సలహా ఇచ్చేవాళ్లు లాయర్లై ఉండాలి, లేదా ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర నమోదై ఉండాలి. అబ్బాయి అక్కడే ఉన్నాడు కాబట్టి అలాంటివాళ్లను వెతకడం అతని పని.

ప్రయాణం

వీసా చేతికొచ్చేదాకా వెనక్కి డబ్బు రాని టికెట్లు కొనకండి. ఆషాఢమో మూఢమో చూసి ముందే తేదీ ఖాయం చేసుకున్నవాళ్లు నష్టపోయేది ఇక్కడే. పెద్దవాళ్లకు మంచిరోజు కావాలంటే, వీసా వచ్చాక దొరికే వారాల్లోంచి ఎంచుకోవచ్చు. అమ్మానాన్నలు దిగబెట్టడానికి వెళ్లాలనుకుంటే వాళ్లకు వేరే విజిటర్ వీసా కావాలి. నాన్న ఇంకా రైల్వే సర్వీసులో ఉంటే విదేశీ ప్రయాణానికి ఆఫీసు అనుమతి ముందే తీసుకోవాలి.

సామానులో బంగారం ఉంటే, వెళ్లే రోజు విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్టు రాయించుకోండి. మళ్లీ పుట్టింటికి వచ్చినప్పుడు ఆ నగలు కొత్తగా తెచ్చినవి కావని చెప్పడానికి అదే ఆధారం. ఆవకాయ తీసుకెళ్లవచ్చు, అయితే చెక్-ఇన్ సామానులో గట్టిగా ప్యాక్ చేయించి. మాంసం, పాల పదార్థాలు మాత్రం బ్రిటన్‌లోకి రానివ్వరు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, గోల్‌బజార్‌లో కట్టించిన సందేశ్, రసగుల్లా అన్నీ ఇంటి దగ్గరే తినేసి వెళ్లాల్సినవి.

ఆమె చేతిలో ఉండాల్సినవి

వీసా ఇప్పుడు కార్డు రూపంలో కాకుండా ఈ-వీసాగా ఆన్‌లైన్ ఖాతాలో ఉంటుంది. పాత కార్డుల కాలం 2024 చివరితో ముగిసింది. ఉద్యోగానికైనా ఇంటి అద్దెకైనా ఆ ఖాతాలోంచి షేర్ కోడ్ తీసి చూపించాలి. ఖాతా తెరిచేది దరఖాస్తు చేసినవాళ్ల ఈమెయిల్, ఫోన్ నంబరుతోనే. చాలా ఇళ్లలో అబ్బాయో ఏజెంటో తమ ఈమెయిల్ పెట్టేస్తారు. అలా జరగనివ్వకండి. అమ్మాయి సొంత ఈమెయిల్, సొంత నంబరు, ఆమెకే తెలిసిన పాస్‌వర్డు ఉండాలి. పెళ్లి సర్టిఫికెట్టు అసలు కాపీ ఆమె దగ్గర, స్కాన్లు పుట్టింట్లో ఉండాలి. 33 నెలల గడువు ఏ తేదీన ముగుస్తుందో ఆమెకు తెలియాలి. ఆ లోపు పొడిగింపు అడగకపోతే అయిదేళ్ల లెక్క చెడిపోతుంది.

కాపురంలో హింస ఎదురైతే, భర్త దయ మీద ఆధారపడకుండానే బ్రిటన్‌లో శాశ్వత నివాసం అడిగే ఏర్పాటు స్పౌజ్ వీసాలో ఉంది. ఇండియాకు తీసుకొచ్చి వదిలేసిపోయిన భార్యలకు కూడా 2024లో ఆ దారి తెరిచారు. ఇక్కడ జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్లిళ్ల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. పెళ్లి వేళ ఈ మాటలేమిటని పెద్దలు కసురుకోవచ్చు. అయినా చెప్పాలి. ఇన్నాళ్లు కష్టపడి ఆ ఫైలు కట్టింది ఆమె పేరు మీదే కాబట్టి, దాని తాళం ఆమె దగ్గరే ఉండాలి.